ఇరవై రెండు ఇనప పుల్లలు

నాకు నోరెక్కువని మా అమ్మ పెళ్ళిచూపుల నాడే చెప్పేసింది. "మా శ్రీదుర్గకి వంటొచ్చండి, కుట్టొచ్చండి, నోరు మాత్రం అవసరానికి మించి వచ్చండి" అంటే వచ్చినవాళ్ళంతా నవ్వారు. మా ఆయన మరీ నవ్వాడు. ఆ నోటికి పోయిన వేసవిలో ఒక మనిషి ప్రాణం పోయింది. ఎలా పోయిందో ఉన్నదున్నట్టు చెబుతాను, నన్ను మంచిదాన్ని చేసుకోవడానికి మాత్రం కాదు.

దెందులూరు దాటి కొల్లేరు వైపు దిగితే మా ఊరు. ఇంట్లో మా ఆయన హేమంత్‌కుమార్, మరిది శ్రీకర్, అత్తగారు రత్నమాణిక్యం, నేను. పక్క గోడ మా ఆయన చిన్నాన్న కొడుకు అబ్బాయిరాజుది. ఆరెకరాల దాళ్వా వరి, అంటే రెండో పంట, మాది, దాన్ని ఆనుకుని రొయ్యల చెరువు అతనిది. ఫిబ్రవరిలో చెరువులోని ఉప్పునీళ్ళు మా చేలోకి నీళ్ళొచ్చే బోదెలోకి వదిలేశాడు. పొట్ట మీదున్న చేను మూడు రోజుల్లో ఎర్రగా మాడిపోయింది. మా ఆయన పెద్దమనుషుల దగ్గరికి వెళదామన్నాడు. శ్రీకర్‌కి అంత ఓపిక లేదు. ఇసక బస్తాలు మోసుకెళ్ళి చెరువు తూము మూసేశాడు.

మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములిద్దరికీ క్యారియర్ పట్టుకుని నేను గట్టెక్కేసరికి అంతా అయిపోతోంది. అబ్బాయిరాజు, అతని మనుషులిద్దరు. శ్రీకర్ తల వెనక పార దిగింది. బోదెలోకి బోర్లా పడ్డాడు, మళ్ళీ లేవలేదు. అడ్డం వెళ్ళిన మా ఆయన మీదికి అబ్బాయిరాజు కత్తెత్తాడు. తల కాచుకోవడానికి ఆయన కుడిచెయ్యి పైకి పెట్టాడు. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు ఒక్క వేటుకి పోయాయి.

నేను బురదలో మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళు వెతికాను. రెండు దొరికాయి. క్యారియర్‌లో పెరుగు పారబోసి ఆ గిన్నెలో పెట్టుకుని ఏలూరు ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. ఆలస్యమైపోయిందమ్మా అన్నాడు డాక్టరు. ఆ గిన్నె ఇంటికి తెచ్చి తోమి మళ్ళీ వాడానంటే నా గురించి ఏమనుకున్నా సరే.

పార వేసింది తానేనని అబ్బాయిరాజు పాలేరు ఒకడు ఒప్పుకుని లోపలికి వెళ్ళాడు. అబ్బాయిరాజు నలభై రోజుల్లో బెయిలు మీద వచ్చేశాడు. ఆ సాయంత్రం గోడవతల అతని దగ్గు వినపడింది. మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

శ్రీకర్‌కి ఇరవై ఏడు. పెళ్ళి కాలేదు. అలా పోయినవాణ్ణి మా వైపు వీరుడిగా నిలబెట్టి సంబరం చేస్తారు. వీరణాలనే పెద్ద డోళ్ళు వాయిస్తుంటే పోయినవాడు ఇంట్లో ఎవరో ఒకరి మీదికొచ్చి మాట్లాడతాడని నమ్మకం. సంబరం ఎప్పుడు పెట్టుకుందామని చుట్టాలు అడిగితే మా అత్తగారు ఒకటే మాటన్నారు. వాడొచ్చి ఏం చేశారని అడిగితే ఏం చెప్పాలి, చెప్పడానికి ఒకటి ఉన్నప్పుడు పెడతానని. నెత్తురు మరకల చొక్కా ఉతకనివ్వకుండా బీరువాలో దాచారు. కొడుక్కి నేను అన్నం కలిపి పెడుతుంటే ఎదురుగా కూర్చుని, "చేతికి పట్టు ఎప్పటికి దొరుకుతుందన్నార్రా?" అని అడిగేవారు. గరిటె పట్టుకోవడానికి కాదని ముగ్గురికీ తెలుసు.

ఆయనా తక్కువేం కాదు. నోట్లో ముద్ద పెట్టుకునే చెప్పేవాడు. అబ్బాయిరాజు గట్టు మీద బండి ఎక్కడ ఆపుతాడు, ఏ కాలు ముందు కింద పెడతాడు, అప్పుడు మెడ ఎటు వంగుతుంది, అన్నీ. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో కోడిని కొయ్యమంటే పక్కింటికి పోయే మనిషి. నాకు భయం వేసింది. మరిది పోయాడు, మొగుడి వేళ్ళు పోయాయి, మిగిలిన మొగుడు కూడా పోతాడని భయం. ఆయన చేతికి నెత్తురు అంటకూడదని, ఆ ఒక్కటీ జరిగితే చాలని రోజూ దండం పెట్టుకున్నాను.

చేతికి వ్యాయామం నేర్పే ఆవిడ తాడేపల్లిగూడెంలో ఉంది. వారం వారం పాసింజర్‌లో వెళ్ళేవాళ్ళం. బొటనవేలూ చూపుడువేలూ ఆడించకపోతే అవి కూడా బిగుసుకుపోతాయండీ అని రబ్బరు బంతి ఇచ్చింది. దాన్ని రెండో రోజే ఆయన పెరట్లోకి విసిరికొట్టాడు.

మార్చి నెలాఖరున ఒక మధ్యాహ్నం. కరెంటుంది, ఫ్యానుంది, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఫోను నోటి దగ్గర పెట్టుకుని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను, రెండు బొటనవేళ్ళతో ఒక చూపుడువేలుతో చేసే ఎక్సర్‌సైజ్ చూపించమని. ఫోను తెర మీదికి ఒక ముసలావిడ వచ్చింది. నల్లటి ఒళ్ళు, తలకి గుడ్డ, ఒళ్ళో పెద్ద ఎండు సొరబుర్ర. బుర్రలోకి చేతులు పెట్టి ఏదో మీటుతోంది. గంగాళంలో చినుకులు పడుతున్నట్టుంది, దాని అడుగున తేనెటీగల రొదలాంటిదేదో ఉంది. మొదలెక్కడో చివరెక్కడో తెలియదు. తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కొంచెం వేరేగా ఉంటుంది.

మా ఆయన ఇటు తిరిగాడు. "ఇంకోసారి పెట్టు" అన్నాడు. మూడు రోజుల తర్వాత చంపడం గురించి కాకుండా మాట్లాడిన మొదటి మాట అది.

సాయంత్రం దాకా అదే విన్నాం. బుర్ర లోపల ఏముందో మరో వీడియోలో చూపించారు. పలక మీద వరసగా బిగించిన ఇనప పుల్లలు. ఎడమ బొటనవేలు, కుడి బొటనవేలు, కుడి చూపుడువేలు, అంతే, మీటడానికి మిగతా వేళ్ళతో పనే లేదు. ఆయన తన చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. నేను పైకే ఏడ్చేశాను. దాని పేరు ఎంబీరా అట. జింబాబ్వే అనే దేశంలో షోనా అనేవాళ్ళు వాయిస్తారట. ఇంట్లో పోయిన పెద్దలు వచ్చి తమ మధ్య కూర్చుని మాట్లాడాలని రాత్రి తెల్లవార్లూ వాయిస్తారట. "మన వీరణాల్లాగే" అన్నాడాయన. మా అత్తగారు గుమ్మంలోకొచ్చి ఆ గోలేంటని అడిగారు. చేతికి వైద్యమండీ అన్నాను. అబద్ధం కాదుగా.

తర్వాత ప్రతి మధ్యాహ్నం అదే మా పని. తలుపు దగ్గరగా వేసి, ఫోను గిన్నెలో పెట్టి వినేవాళ్ళం. బుర్రల్లో గింజలు పోసి ఆడించేవాళ్ళు, మధ్యలో నాలుక ఆడిస్తూ కూతపెట్టే ఆడవాళ్ళు, ఏడుస్తున్నట్టు పాడే ఒక పెద్దాయన. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇద్దరు కలిసి వాయిస్తే ఒకరు వదిలిన సందులో మరొకరు మీటుతారని ఆయనే కనిపెట్టాడు. నా అరచేతిలో ఒక వరస ఆయన కొట్టేవాడు, ఆ సందుల్లో నేను ఆయన మోకాలి మీద కొట్టేదాన్ని. తప్పితే వేలు మీద చిన్న దెబ్బ వేసేవాడు. ఆ గంటసేపూ అబ్బాయిరాజు మెడ మా మధ్యకి వచ్చేది కాదు. ఫోను కట్టేస్తే మళ్ళీ వచ్చేది.

నాకూ ఒకటి కావాలన్నాడు ఏప్రిల్‌లో. కొనడానికి ఎక్కడా దొరకదు, చేసుకోవాల్సిందే. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ కాలేజీ ముందు బేకరీలో ఆఫ్రికా పిల్లలు కూర్చుంటారని వ్యాయామం ఆవిడ చెప్పింది. వెళ్ళి నేనే అడిగాను, నా నోరు అలాంటి వాటికి పనికొస్తుంది. తటెండా అనే అబ్బాయిది ఆ దేశమే. మేం చూపించిన వీడియో చూసి పడీ పడీ నవ్వాడు. వాళ్ళ నాయనమ్మ చర్చికి వెళ్ళే మనిషట, దయ్యాల వ్యవహారమని ఇలాంటివి గుమ్మం కూడా తొక్కనివ్వదట. తనకి వాయించడం రాదన్నాడు. కానీ ఏ పుల్ల ఎలా పలకాలో గొంతుతో పాడి మా ఫోనులో ఎక్కించాడు. పలకకి సోడా మూతలు వదులుగా కట్టమన్నాడు, ఆ తేనెటీగల రొద వాటిదేనట. వెళ్ళబోతుంటే నవ్వు ఆపి ఒక మాటన్నాడు. ఎవర్ని పిలుస్తున్నారో తెలుసుకుని పిలవమనేవాడు మా తాత, వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలో కూడా తెలుసుకోమనేవాడు అని.

పాసింజర్ భీమడోలు దాటింది. అప్పుడు మా ఆయన అన్నాడు, "శ్రీకర్ వస్తే అబ్బాయిరాజుని చంపానని చెప్పాలా, చంపలేదని చెప్పాలా?"

"వాయించడం నేర్చుకున్నానని చెప్పండి" అన్నాను.

"అమ్మ ఒప్పుకోదు."

"అత్తయ్యగారి సంగతి నేను చూసుకుంటానండి. మీరు ఆ పుల్లల సంగతి చూడండి."

ఆయన నవ్వలేదు గానీ నా చెయ్యి పట్టుకున్నాడు, ఆ రెండు వేళ్ళతోనే.

పశువుల సావిడిలో దుకాణం పెట్టాడు. కమ్మరి దగ్గర్నుంచి ఇనుము పెట్టి కొట్టే దాగలి, సుత్తి తెచ్చాడు. పాత ట్రాక్టరు సీటు స్ప్రింగులు కాల్చి, సాగదీసి, ఎడమచేత్తో కొట్టి చదును చేసేవాడు. నేను పటకారుతో పట్టుకునేదాన్ని. పొద్దున్న ఆరు నుంచి ఎండెక్కేదాకా ఠంగు ఠంగుమని ఊరంతా వినపడేది. ఒక్కో పుల్ల నాలుగైదుసార్లు విరిగేది. ఇరవై రెండు కావాలి. మా అత్తగారు సావిడి గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని చూస్తూ కూర్చునేవారు. ఆవిడ మొహంలో మొదటిసారి శాంతి కనిపించింది. ఏం చేస్తున్నావని అడగలేదు. కత్తేననుకున్నారు. నేను చెప్పొచ్చు. చెప్పలేదు, ఆవిడ కాస్త అన్నం తింటున్నారు కదా అని.

మే నెల మొదట్లో ఒక ఉదయం పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. గోడవతల నుంచి అబ్బాయిరాజు భార్య బిందు పిలిచింది. ఫిబ్రవరి నుంచి మాటల్లేవు మా మధ్య. అంతకు ముందు ఆవకాయ కలిసి పెట్టుకునేవాళ్ళం.

"అక్కా, బావగారు ఏం చేస్తున్నారు? రోజూ ఆ చప్పుడేంటి?"

భయంగానే అడిగింది పాపం. నేను ఉన్న మాట చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఆ పిల్ల మెడలో పసుపుతాడు, చేతుల నిండా గాజులు, గోడవతల మొగుడి దగ్గు. నాకు బోదెలో మరిది వీపు కనిపించింది.

"కత్తులు" అన్నాను. "మీ ఇంట్లో ఎంతమందో అన్ని."

బిందు మొహం గోడ మీంచి దిగిపోయింది. నాకు ఆ రోజంతా ఒళ్ళు తేలిగ్గా ఉంది. సాయంత్రం మా ఆయనకి చెప్పి నవ్వాను కూడా. ఆయన నవ్వలేదు. "అలా ఎందుకన్నావే" అన్నాడు, అంతే.

మూడో రోజుకి ఇరవై రెండో పుల్ల బిగిసింది. పలక పట్టుకోవడానికి చిటికెనవేలు దూర్చే కన్నం ఒకటి ఉంటుంది. ఆయనకి ఆ వేలు లేదు కాబట్టి పాత లుంగీ అంచు చింపి పలకని మణికట్టుకి కట్టాను. పెయింటు బకెట్టులో పెట్టి మీటాడు. శ్రుతి సగం కుదిరింది, సగం కుదరలేదు. అయినా ఆ ముసలావిడ వాయించిన వరస నాలుగు చుట్లు ఆగకుండా తిరిగింది. నేను సందుల్లో బకెట్టు మీద కొట్టాను. పెళ్ళయ్యాక ఇద్దరం అంత సంతోషంగా ఎప్పుడున్నామో గుర్తు లేదు.

మర్నాడు మా అత్తగారు భీమడోలులో తమ్ముడింటికి వెళ్ళారు. పన్నెండింటికి గేటు విరిగిన చప్పుడైంది. ఇద్దరం సావిడిలోనే ఉన్నాం. చేతిలో కత్తితో అబ్బాయిరాజు, వెనక ఇద్దరు మనుషులు. లేవబోయిన మా ఆయన మోకాలి మీద ఒకడు ఇనప రాడ్డుతో కొట్టాడు. ఎముక విరగడం నాకు వినపడింది. కింద పడ్డాడు. నేను వాడి మీద పడి కరిచాను. నన్ను జుట్టు పట్టి దాగలి మీదికి విసిరాడు. పై పెదవి చిట్లి రెండు పళ్ళు నోట్లోకొచ్చాయి.

అబ్బాయిరాజు మా ఆయన కుడిచెయ్యి మీద చెప్పు కాలు పెట్టి నిలబడ్డాడు. మానిన చోటే మళ్ళీ చిట్లింది. "ఎక్కడ దాచావురా కత్తులు?" అని అడుగుతున్నాడు, అడిగినప్పుడల్లా కాలు తిప్పుతున్నాడు. ఆయన కత్తులు లేవంటున్నాడు. మనుషులిద్దరూ గడ్డి తిరగేశారు, కుడితి గోలెం పగలగొట్టారు, తర్వాత ఇంట్లోకి వెళ్ళి బీరువాలు లాగడం మొదలెట్టారు. ఉక్కపోత, దుమ్ము, నోట్లో నెత్తురు. ఇవ్వాళ ఇద్దరం పోయినట్టే అనుకున్నాను.

అప్పుడతనికి బకెట్టు కనిపించింది. చెయ్యి పెట్టి పలక బయటికి లాగాడు. తిప్పి చూశాడు. సోడా మూతలు గలగలమన్నాయి. రెండు చేతులా పట్టుకోవడానికి కత్తి పశువులకి మేత వేసే గాటి మీద పెట్టేశాడు. మా ఆయన చేతి మీంచి కాలు తీసేశాడు. బొటనవేలుతో ఒక పుల్ల మీటాడు. అన్నిటికంటే లావు పుల్ల అది, చాలాసేపు మోగింది. అది ఆగేదాకా వింటూ నిలబడ్డాడు. మొహంలోంచి ఏదో దిగిపోయింది.

నా వైపు తిరిగాడు. "ఏంటిది వదినా?" అన్నాడు. "వాయించేదా?"

సుత్తి దాగలి పక్కనే ఉంది. తీసుకుని చెవి వెనక కొట్టాను. కేక పెట్టాడు. పడ్డాడు. రెండో దెబ్బ అక్కర్లేదు. అయినా కొట్టాను.

మా ఆయన పాక్కుంటూ వచ్చి, "దుర్గా, అదిలా ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. ఎడమచేత్తో పట్టుకున్నాడు. లోపలున్న ఇద్దరూ కేక విని బయటికొచ్చేసరికి సుత్తి ఆయన చేతిలో ఉంది. చూసి పారిపోయారు. ఆయన గాటి మీది కత్తి లాగి అబ్బాయిరాజు చేతి పక్కన పడేశాడు.

"నేను కొట్టానని చెబుతాను. వాడి చేతిలో కత్తుండగా కొట్టానని చెబుతాను."

"మీరెందుకండీ?"

"నా చెయ్యి ఎలాగూ పోయింది. ఇల్లు గడవాలంటే నీ రెండూ కావాలి." సుత్తి వంక చూసి, "అమ్మ కూడా ఇదే కదా అడిగింది" అన్నాడు.

నేను ఒప్పుకున్నాను. బతిమాలలేదు, కాదనలేదు. భయమేసింది, ఒప్పుకున్నాను. ఆయన చేతికి నెత్తురు అంటకూడదని దేవుడికి దండం పెట్టిన మనిషినే నేను. నా చేతి నెత్తురు ఆయన తన లుంగీకి తుడిచాడు.

ఆయన్ని విరిగిన కాలితోనే తీసుకెళ్ళారు. కత్తితో ఇంటి మీదికొచ్చారు కాబట్టి ఆత్మరక్షణ కింద కేసు తేలిగ్గానే పోతుందన్నాడు లాయరు. మా అత్తగారు భీమడోలు నుంచి వచ్చి సావిడిలో నెత్తురు చూసి, లోపలికి వెళ్ళి శ్రీకర్ చొక్కా తీసి ఉతికారు. ఊళ్ళో తలెత్తుకుని నడిచారు. జూన్ మొదటి వారంలో సంబరం పెట్టారు. వీరణాల వాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు వాచేలా వాయించారు. అందరూ చూశారు, ఎవరి మీదికైనా వస్తాడని. మా అత్తగారు జుట్టు విరబోసుకుని, "రారా నాయనా, నీ అన్న తీర్చాడ్రా" అని పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నారు. శ్రీకర్ రాలేదు. నేను వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చున్నాను, నా మీదికి ఎక్కడొస్తాడో, వచ్చి ఎక్కడ నిజం చెప్పేస్తాడోనని.

నారుమళ్ళు పోసే రోజులొచ్చాయి. రాత్రి వాన పడి వెలిసిన ఒక ఉదయం పెరట్లో గిన్నెలు తోముతుంటే బిందు గోడ దగ్గరికొచ్చింది. చేతులకి గాజుల్లేవు. నన్ను తిడుతుందనుకున్నాను. మెల్లగా అడిగింది.

"అక్కా, ఒక్కటి చెప్పు. ఆ రోజు ఆయన కేక కంటే ముందు ఒక మోత వినపడింది. కత్తి మోత కాదది. చాలాసేపు మోగింది. నిద్రలో కూడా అదే వినపడుతోంది నాకు. ఏంటది?"

లోపలికి వెళ్ళి పలక తెచ్చాను. పోలీసులు అదేదో ఆటవస్తువనుకుని వదిలేశారు. గోడ మీద పెట్టి లావు పుల్ల మీటాను. బిందు రెండు చేతులతో గోడ పట్టుకుంది.

"ఇదే" అంది. "ఎవరు వాయించారు?"

"మీ ఆయనే."

"ఆయనకి తెలుసా ఇది కత్తి కాదని?"

"తెలిసింది. కత్తి పక్కన పెట్టేశాడు. ఏంటిది వదినా, వాయించేదా అని అడిగాడు నన్ను. అప్పుడు కొట్టాను. మీ బావగారు కాదు, నేను."

గోడ మీద చీమలు పోతున్నాయి. తర్వాత బిందు అంది, "నువ్వు కత్తులన్నావని నేనే చెప్పానక్కా ఆయనకి. మూడు రోజులు అన్నం తినలేదు, భయంతో. పిల్లల్ని మా పుట్టింటికి పంపేశాడు. ముందు మనమే వెళ్ళాలని నేనే అన్నాను."

నేను ఏడుస్తున్నాను. తను ఏడవలేదు. పలక తన వైపు తిప్పుకుని, అదే పుల్ల, అబ్బాయిరాజు మీటినట్టే బొటనవేలుతో ఒకసారి మీటింది. ఆగేదాకా వింది.

"బావగారికి చెయ్యి కూడా లేదు, ఆయన్నెందుకు లోపల ఉంచడం" అంది. "చీర మార్చుకుని వస్తాను, ఉండు."

నేను అరుగు మీద కూర్చున్నాను. మా అత్తగారు లోపల్నుంచి ఎక్కడికే అని అడిగారు. దెందులూరు పోలీస్ స్టేషన్‌కండీ అని చెప్పాను. బిందు వచ్చింది. ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళాం.